‘ఎక్కడికమ్మా, ఒక్కదానివే?’ – స్త్రీలు, సంచార హక్కు

(మహిళా కార్యకర్తల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రెండు రోజులుగా మనం ఆస్తి హక్కు గురించి, గృహహింస చట్టం గురించి, పనిచేసే చోట వేధింపుల గురించి మాట్లాడుకున్నాం. నన్ను సంచార హక్కు గురించి మాట్లాడమన్నారు. “సిద్ధాంతం తర్వాత. చదువుకునే రోజుల్లో మీరు యూరప్‌లో ఒంటరిగా తిరిగారట కదా, ముందు అది చెప్పండి” అన్నారు నిర్వాహకులు. ఒప్పుకోవటానికి తటపటాయించాను. బస్తీల్లో పొదుపు సంఘాలతో పనిచేసే ఒక మిత్రురాలు ఈ సంగతి వినగానే, “యూరప్ ముచ్చట మన ఆడవాళ్ళకు దేనికి పనికొస్తుందక్కా? మా బస్తీలో వాళ్ళు కోఠీ దాటి పోవాలన్నా ఇంట్లో నలుగురికి సంజాయిషీ చెప్పుకోవాలి” అంది. ఆమె అడిగినది న్యాయమే. దానికి జవాబు చెప్పలేకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. ముందు నా అనుభవం చెప్పి, తర్వాత ఆ ప్రశ్న దగ్గరకు వస్తాను.

2005లో నాకు ఇరవై అయిదేళ్ళు. హైదరాబాదులో సోషియాలజీలో పిహెచ్‌డి చేస్తున్నాను. యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయం నుంచి సెమినార్‌లో పేపరు చదవమని పిలుపు వచ్చింది. విమానం చార్జీలు వాళ్ళే పెట్టుకున్నారు. సెమినార్ మూడు రోజులే. నేను మాత్రం తిరుగు టికెట్టు నాలుగు వారాల తర్వాతకు వేయించుకున్నాను. యూరప్ బయట నివసించేవాళ్ళ కోసం 1959 నుంచి యూరెయిల్ అనే రైలు పాసు ఉంది. దానితో చాలా దేశాల్లో రైళ్ళెక్కి తిరగవచ్చు. అప్పట్లో ఇరవై ఆరేళ్ళ లోపు వాళ్ళకు తక్కువ ధరకు ఇచ్చేవాళ్ళు. నాకు అదే ఆఖరి అవకాశం. ఫెలోషిప్ లోంచి రెండేళ్ళు దాచుకున్న డబ్బు పాసుకూ, హాస్టల్ పడకలకూ, రొట్టెకూ, అరటిపళ్ళకూ సరిపోతుందని లెక్క వేసుకున్నాను.

నాన్నకు సెమినార్ సంగతి చెప్పాను. మిగతా వారాల సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ ఖమ్మం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసింది. ముప్పై ఏళ్ళపాటు రోజూ బస్సెక్కి ఒంటరిగా వెళ్ళి, ఒంటరిగా వచ్చింది. “సెమినార్ అయ్యాక అక్కడ ఏం పని?” అని అడిగింది.

“పనేం లేదమ్మా. ఊరికే తిరుగుతాను.”

“ఊరికే ఎందుకు తిరుగుతారే ఎవరైనా?”

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. చివరికి బంధువులకు “యూనివర్సిటీ వాళ్ళు అందర్నీ కలిపి తీసుకెళ్తున్నారు” అని తనే చెప్పుకొచ్చింది. ఆ అబద్ధాన్ని నేనూ ఖండించలేదు. స్త్రీ స్వేచ్ఛ మీద పేపరు చదవటానికి వెళ్తున్న మనిషిని, ఒంటరిగా వెళ్తున్నానన్న మాట మా వీధిలో పైకి చెప్పలేకపోయాను. అందుకని నా ప్రయాణాన్ని సాహసగాథగా చెప్పుకునే అర్హత నాకు లేదు. అది ఒక అబద్ధంతో మొదలైంది.

తర్వాత వీసా. బ్యాంకు పుస్తకం, ఆహ్వాన పత్రం, విశ్వవిద్యాలయం నుంచి లేఖ, 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా – అన్నీ పట్టుకెళ్ళాను. కౌంటరు వెనక ఉన్న మనిషి కాగితాలన్నీ చూసి, “మీరు పెళ్ళి చేసుకోలేదు. మీ నాన్నగారికి ఈ ప్రయాణం ఇష్టమేనా?” అని అడిగాడు. నా ముందు నిలబడ్డ నా ఈడు అబ్బాయిని ఆ ప్రశ్న అడగలేదు. ఏ దేశపు వీసా కౌంటరో చెప్పను. అది ఒక్క కౌంటరు జబ్బు కాదు.

ఇక్కడ ఆగి హక్కుల మాట ఒకటి చెప్పాలి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం ప్రతి మనిషికీ తన దేశంలో తిరిగే హక్కునూ, ఏ దేశాన్నయినా విడిచి వెళ్ళే హక్కునూ, సొంత దేశానికి తిరిగి వచ్చే హక్కునూ ఇచ్చింది. మన రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతటా సంచరించే స్వేచ్ఛను ఇచ్చింది. విదేశ ప్రయాణం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమే అనీ, ఆ స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండి తీరాలనీ సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పింది. మన దేశం 1993లో ఆమోదించిన సీడా ఒప్పందం 15వ అధికరణం, సంచారానికీ నివాసం ఎంచుకోవటానికీ సంబంధించిన చట్టాలలో స్త్రీలకూ పురుషులకూ సమాన హక్కులుండాలంటుంది. ఇన్ని కాగితాలు మన పక్షాన ఉన్నాయి. కానీ 13వ అధికరణాన్ని జాగ్రత్తగా చదవండి. దేశం విడిచి వెళ్ళే హక్కు అందులో ఉంది. ఇంకో దేశంలో అడుగుపెట్టే హక్కు లేదు. నా ఇంటి గడప దగ్గర నాన్న, ఆ దేశం గడప దగ్గర కౌంటరు మనిషి. మధ్యలో నా హక్కు.

సెమినార్ అయిపోయిన మర్నాడు వీపున సంచి తగిలించుకుని బెర్లిన్ వెళ్ళాను. మొదటి నాలుగు రోజులూ నాకు అసలు నడవటం రాలేదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మనం రోడ్డు మీద ఎలా నడుస్తామో గుర్తు తెచ్చుకోండి. తల వంచి, వేగంగా, ఫైలు గుండెకు అదుముకుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, ఏదో అర్జంటు పని ఉన్నట్టు నడుస్తాం. సిటీ బస్సులో సేఫ్టీ పిన్ను పట్టుకుని నిలబడతాం. అక్కడ కూడా నేను అలాగే నడిచాను. చూడటానికి వచ్చిన ఊరిని చూడకుండా పరిగెత్తాను. సంచి జేబులో ఆ పిన్ను నాలుగు వారాలూ అలాగే ఉంది.

అయిదో రోజు రాత్రి బస్సులో హాస్టల్‌కు వెళ్తున్నాను. పదకొండు దాటింది. స్టాపు నుంచి హాస్టల్‌కు కొంత దూరం చీకట్లో నడవాలి. నేను ఆ వీధి పేరు అడిగితే, రాత్రిపూట స్టాపుల మధ్య కూడా దిగవచ్చనీ, వీధి మొదట్లో ఆపుతాననీ డ్రైవరు చెప్పాడు. “ఇంత రాత్రి ఒక్కదానివే ఎందుకు తిరుగుతున్నావు?” అని మాత్రం అడగలేదు. బస్సు ఆగింది, దిగాను, వెళ్ళిపోయాను. ఇరవై అయిదేళ్ళ జీవితంలో రాత్రి పదకొండింటికి ఎవరికీ ఏ కారణమూ చెప్పకుండా గది చేరటం అదే మొదటిసారి. ఇది ఆ డ్రైవరు మంచితనం అని నేను చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. రాత్రంతా నడిచే బస్సు ఉండటం, ఆ వేళ ఆడమనిషి బస్సెక్కటం వింత కాకపోవటం, అడిగితే మధ్యలో ఆపటం – ఇవి ఒక మనిషి మంచితనంతో నిలబడేవి కావు. ఇవి ఏర్పాట్లు. ఏర్పాట్ల వెనక డబ్బు ఉంటుంది, నిర్ణయం ఉంటుంది, ఆ నిర్ణయం చేయించిన ఒత్తిడి ఉంటుంది.

ఆ ఒత్తిడికి చరిత్ర ఉంది. 1977 ఏప్రిల్ 30 రాత్రి పశ్చిమ జర్మనీ నగరాల్లో స్త్రీలు ‘రాత్రి మాది’ అంటూ ఊరేగింపులు తీశారు. అదే ఏడాది నవంబరులో ఇంగ్లండులోని లీడ్స్‌లోనూ, ఇతర నగరాల్లోనూ స్త్రీలు రాత్రి వీధుల్లోకి వచ్చారు. ఆ ప్రాంతంలో స్త్రీల హత్యలు వరసగా జరుగుతుంటే, రాత్రిపూట బయటికి రావద్దని పోలీసులు స్త్రీలకే సలహా చెప్పారు. చంపుతున్నది మగవాడైతే ఇంట్లో కూర్చోవలసినది మేమెందుకు అన్నారు వాళ్ళు. ఈ మాట మనకు కొత్త కాదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దారుణం తర్వాత మన హైదరాబాదులో స్త్రీలకు జాగ్రత్తల జాబితాలు వచ్చాయి. మగవాళ్ళకు ఏ జాబితా వచ్చిందో మీరే చెప్పండి.

బెర్లిన్ నుంచి పారిస్ వెళ్ళాను. అక్కడ లక్సెంబర్గ్ తోటలో ఆకుపచ్చ రంగు ఇనప కుర్చీలుంటాయి. ఎవరికి ఇష్టమైన చోటికి వాళ్ళు లాక్కుని కూర్చోవచ్చు. ఒక మధ్యాహ్నమంతా నేను అక్కడ కూర్చున్నాను. గంట గడిచాక గమనించుకున్నాను – నా ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది, ఒక్క పేజీ కూడా తిప్పలేదు. ఎవరైనా వచ్చి ‘ఇక్కడెందుకు కూర్చున్నావు?’ అంటే చూపించటానికి పెట్టుకున్న సాక్ష్యం ఆ పుస్తకం. అడిగేవాళ్ళెవరూ అక్కడ లేరు. అడిగేవాడు నా లోపలే ఉన్నాడు.

తర్వాతెప్పుడో వర్జీనియా ఉల్ఫ్ 1927లో రాసిన వ్యాసం ఒకటి చదివాను. అందులో ఆమె సాయంత్రం లండన్ వీధుల్లో నడవాలనిపించి, పెన్సిలు కొనుక్కోవాలన్న సాకుతో బయల్దేరుతుంది. చదివి నవ్వుకున్నాను. ఆమెకు పెన్సిలు, నాకు పుస్తకం, మన ఊళ్ళో ఆడవాళ్ళకు గుడి, కూరగాయలు, డాక్టరు. అంత పెద్ద రచయిత్రికి కూడా ఊరికే నడవటానికి ఒక సాకు కావలసి వచ్చింది.

ఆ పారిస్ నగరంలోనే 1830లలో జార్జ్ శాండ్ అనే రచయిత్రి మగవాళ్ళ కోటూ బూట్లూ వేసుకుని వీధుల్లో తిరిగింది. ఆడవేషంలో ఆ వీధుల్లో, ఆ నాటకశాలల్లో తిరగలేనని తెలిసి ఆ పని చేసింది. అప్పటికే 1800 సంవత్సరం నుంచి పారిస్‌లో ఒక ఉత్తర్వు అమల్లో ఉంది: స్త్రీ మగవాళ్ళ దుస్తులు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాలి. కాలక్రమంలో ఎవరూ పట్టించుకోని ఆ ఉత్తర్వు చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వం ప్రకటించినది 2013లో! అంటే 2005లో నేను జీన్సు వేసుకుని ఆ తోటలో కూర్చున్న రోజున అది కాగితం మీద ఇంకా బతికే ఉంది. యూరప్ స్త్రీలకు స్వేచ్ఛ పుట్టుకతో వచ్చిందనుకునే మన భ్రమకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. 1835లోనే ఫ్లోరా ట్రిస్టన్ అనే స్త్రీ, ఒంటరిగా పరాయి ఊరికి వచ్చే ఆడవాళ్ళను ఆదరించటానికి ఒక సంఘం ఉండాలని పారిస్‌లో చిన్న పుస్తకం ప్రచురించింది. ఒంటరిగా వచ్చిన స్త్రీని అందరూ అనుమానంగా చూస్తారనీ, గది దొరకదనీ తన అనుభవంతో ఆమెకు తెలుసు. దాదాపు రెండు శతాబ్దాల కిందటే మన ప్రశ్నను సంఘ నిర్మాణ ప్రశ్నగా చూసిన మనిషి ఆమె.

అలా అని పారిస్‌లో అంతా బాగుందనుకోకండి. ఒక సాయంత్రం మెట్రోలో ఒకడు నా వెనకే ఎక్కి, నేను దిగిన చోట దిగి, హాస్టల్ వీధి దాకా వెంబడించాడు. నేను ఒక రొట్టెల దుకాణంలోకి దూరి, వాడు పోయేదాకా నిలబడ్డాను. గదిలో ఎనిమిది పడకలు, ఎనిమిది దేశాల అమ్మాయిలు. ఈ సంగతి చెబితే ఒక్కొక్కరూ తమ ఊరి కథ చెప్పటం మొదలుపెట్టారు. వీధిలో స్త్రీలను వేధించటాన్ని జరిమానా వేయదగిన నేరంగా చేసే చట్టం ఫ్రాన్సులో 2018లో వచ్చింది. అంటే నేను వెళ్ళిన పదమూడేళ్ళకు! ఆ రాత్రి ఆ గదిలో నాకు తెలిసినది ఇది: వాళ్ళకీ నాకూ భయం ఒకటే. కానీ భయం వేసినందువల్ల మర్నాడు వాళ్ళను ఎవరూ ఇంటికి పిలిపించరు. నేను మాత్రం ఆ సంగతి అమ్మకు ఫోనులో చెప్పలేదు. చెబితే తిరుగు టికెట్టు ముందుకు జరుగుతుందని తెలుసు. మన ఆడపిల్లలు ఎన్ని వేధింపులను ఇలా మింగుతున్నారో ఆలోచించండి. చెప్తే చదువు మానిపిస్తారని, ఉద్యోగం మానిపిస్తారని మింగుతున్నారు. ‘రక్షణ’ పేరుతో మనం పెట్టే ఆంక్ష చివరికి వేధించినవాడికే రక్షణ అవుతోంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక చిన్న విషయం. కాలవల పక్కన మగవాళ్ళ కోసం ఉచిత మూత్రశాలలు కనిపించాయి. నేను మాత్రం రెండు రోజులూ నీళ్ళు తక్కువ తాగి తిరిగాను. ఖమ్మం నుంచి హైదరాబాదు బస్సులో ఎలా వచ్చేదాన్నో అలాగే. 2017లో ఆ నగరంలోనే ఒక కేసు పెద్ద చర్చ అయింది. రాత్రిపూట వేరే దారి లేక వీధిలో మూత్రవిసర్జన చేసిన ఒక యువతికి జరిమానా వేస్తే, ఆమె కోర్టుకు వెళ్ళింది. మగవాళ్ళ మూత్రశాల వాడుకోవలసిందని న్యాయమూర్తి అన్నాడు. దాని మీద స్త్రీలు నిరసన తెలిపారు. సంచార హక్కు గురించి మాట్లాడేటప్పుడు మనం మరుగుదొడ్డి గురించి మాట్లాడటానికి సిగ్గుపడకూడదు. మరుగుదొడ్డి లేని ఊళ్ళో ఆడమనిషి ఇల్లు వదిలి ఉండగలిగేది కొద్ది గంటలే.

అక్కణ్ణుంచి వియన్నా. అక్కడ పార్కుల్లో పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లలు ఆడుకుంటూ కనిపించారు. మన ఊళ్ళో ఆ వయసు పిల్లలు మైదానంలో కనిపించరు కాబట్టి నాకు వింతగా తోచింది. ‘ఇక్కడి సంస్కృతి అంతే’ అనుకున్నాను. తర్వాత నా పరిశోధనలో భాగంగా చదివితే తెలిసింది, అది సంస్కృతి కాదని. 1991లో ఆ నగరంలో స్త్రీ ప్రణాళికావేత్తలు ‘బహిరంగ స్థలం ఎవరిది?’ అన్న ప్రశ్న మీద ఒక ఫొటో ప్రదర్శన పెట్టారు. మర్నాటి ఏడాది నగరపాలక సంస్థలో స్త్రీల కోసం ప్రత్యేక కార్యాలయం వచ్చింది. 1990ల రెండో సగంలో చేసిన అధ్యయనంలో, తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావటం బాగా తగ్గిపోతోందని తేలింది. ఉన్న ఒక్క ఆటస్థలాన్నీ మగపిల్లలు ఆక్రమించటమే కారణం. వాళ్ళు ఆడపిల్లలకు ధైర్యం నేర్పే శిక్షణ శిబిరం పెట్టి ఊరుకోలేదు. పార్కునే మార్చారు. ఆటస్థలాన్ని భాగాలుగా చేశారు, దారులు పెంచారు, కూర్చునే చోట్లు పెంచారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. సామాజికశాస్త్ర విద్యార్థినిగా నాకు ఆ ప్రయాణం మిగిల్చిన పెద్ద పాఠం ఇదే. ధైర్యం లేక కాదు, చోటు లేక స్త్రీలు ఇంట్లో ఉంటారు.

అయితే ఆ చోటు అందరిదీ కాదు. ఇది చెప్పకపోతే నేను సగం నిజమే చెప్పినట్టు అవుతుంది. 1995 నుంచి షెన్‌జెన్ ఒప్పందం అమలయ్యాక ఆ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేశారంటారు. ఒక రాత్రి రైలు సరిహద్దు దాటుతుండగా పోలీసులు ఎక్కారు. పెట్టెలో ముప్పై మంది దాకా ఉంటారు. నన్నూ, మూలన చంటిబిడ్డతో కూర్చున్న ఒక ఆఫ్రికన్ స్త్రీనీ – ఇద్దర్నే లేపి పాస్‌పోర్టులు అడిగారు. నా కాగితాలు చూసి వదిలేశారు. ఆమెను దింపేశారు. ఆమె ఏ దేశపు మనిషో, తర్వాత ఏమైందో నాకు తెలియదు. నేను నోరు తెరవలేదు. నా వీసాకు ఏమవుతుందోనని భయపడ్డాను. ఇరవై ఏళ్ళుగా ఆ మౌనం నాతోనే ఉంది.

వియన్నా హాస్టల్‌లో పొద్దున్నే పక్క దుప్పట్లు మార్చటానికి ఒకామె వచ్చేది. ఉక్రెయిన్ నుంచి వచ్చింది, అక్కడ బడిలో టీచరు. వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. ఆమె కూడా నన్ను “ఒక్కదానివేనా?” అనే అడిగింది. వెంటనే, “కాగితాలున్నాయా?” అంది. ఉన్నాయన్నాను. తనకు లేవంది. మూడేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ, అందరూ చూడటానికి వచ్చే రాజభవనం తను చూడలేదంది. ట్రాము ఎక్కితే టికెట్ల తనిఖీ వాళ్ళు వస్తే ఏమవుతుందోనని గదికీ పనికీ మధ్య నడిచే తిరిగేదట. ఆమె దేశస్థులకు షెన్‌జెన్ దేశాల్లోకి వీసా లేకుండా కొద్దికాలం వెళ్ళివచ్చే వీలు 2017లో గాని రాలేదు. మా అమ్మలాగే టీచరు. నేను ఊరికే తిరుగుతుంటే, నా పడక సర్ది బతుకుతున్న ఆమెకు ఊరికే తిరిగే వీలు లేదు. ఒంటరి ప్రయాణాన్ని స్త్రీ విముక్తికి గుర్తుగా మనం చూపించేటప్పుడు ఆ దుప్పట్లు మార్చినది ఎవరో కూడా చెప్పాలి.

ఈమె మనకు పరాయిది కాదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి మన ఆడవాళ్ళు కువైట్‌కూ, ఇతర గల్ఫ్ దేశాలకూ ఇళ్ళల్లో పనికి వెళ్తున్నారు. వాళ్ళు నాకంటే ఎక్కువ దూరం ప్రయాణించినవాళ్ళు, నాకంటే ధైర్యవంతులు. కానీ చేరగానే పాస్‌పోర్టు యజమాని చేతికి పోయి, ఆ ఇంటి గోడ దాటకుండా ఏళ్ళు గడిపిన స్త్రీలెందరో. వాళ్ళ రక్షణ కోసమని మన ప్రభుత్వం 2007లో, అలా వెళ్ళే స్త్రీలకు ముప్పై ఏళ్ళ కనీస వయసు నిబంధన తెచ్చింది. అవసరం వయసు చూసి రాదు కాబట్టి చిన్న వయసు వాళ్ళు దొంగదారిన, ఏజెంట్ల చేతుల్లో పడి వెళ్ళవలసి వచ్చింది. పని చోట హక్కులు అడగవలసిన చోట, ప్రయాణాన్ని ఆపటం! ఇక్కడ కూడా అదే పద్ధతి – ప్రమాదాన్ని వదిలేసి స్త్రీని కట్టేయటం.

ఇప్పుడు మా మిత్రురాలి ప్రశ్న దగ్గరకు వస్తాను. యూరప్ ముచ్చట బస్తీ స్త్రీలకు దేనికి?

మన సమాజంలో స్త్రీలు కదలటం లేదనటం నిజం కాదు. కూలికి వెళ్ళే దళిత స్త్రీ తెల్లవారకముందే అడ్డా మీద నిలబడుతుంది. ఇళ్ళల్లో పనిచేసే ఆమె నాలుగు వీధులు తిరుగుతుంది. మా అమ్మ ముప్పై ఏళ్ళు బస్సెక్కింది. ఇంటికోసం, పిల్లలకోసం, యజమానికోసం కదిలితే ఎవరికీ అభ్యంతరం లేదు. తనకోసం కదిలితేనే అభ్యంతరం. మధ్యతరగతి అగ్రకుల స్త్రీకి గడప దగ్గర ఆంక్ష ఉంటే, దళిత స్త్రీకి పని అయ్యాక పార్కు బెంచీ మీద కూర్చునే దగ్గర ఆంక్ష ఉంది. రెండూ ఒకటే అని నేను అనను. రెండు చోట్లా అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: నీకిక్కడేం పని? ముంబయి నగరం మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో ప్రచురించిన పుస్తకం ఈ ప్రశ్ననే తీసుకుంది. పని లేకుండా వీధిలో ఉండటం కూడా హక్కేనని వాదించింది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’ పేరుతో హాస్టల్ గేటు వేళల మీద పోరాడినది కూడా ఇందుకే.

ఈ చర్చ ఇవాళ మన బస్సుల్లోకి వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. దాని ఖర్చు గురించి, బస్సులు చాలకపోవటం గురించి, ఆటో డ్రైవర్ల జీవనోపాధి గురించి చర్చ జరగాలి. ఆటో నడిపేవాళ్ళ ఇళ్ళల్లో కూడా స్త్రీలున్నారు. కానీ అన్నిటికంటే ఎక్కువగా నేను విన్న ఫిర్యాదు వేరు – ‘పనీపాటా లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారు’ అని. మగవాడు సెంటర్లో గంటలకొద్దీ టీ తాగుతూ నిలబడితే ఏం పని అని ఎవరూ అడగరు. ఆడమనిషి టికెట్టు లేకుండా ఒక బస్సెక్కితే రాష్ట్రమంతా అడుగుతోంది. దానికి మనవాళ్ళు చాలామంది సంజాయిషీ ధోరణిలో జవాబిస్తున్నారు: ‘లేదు లేదు, ఉద్యోగాలకే, ఆసుపత్రులకే వెళ్తున్నారు’ అని. అది నిజమే కావచ్చు. కానీ ఆ జవాబుతో మనం ప్రశ్నను ఒప్పుకున్నట్టే అవుతుంది. ‘అవును, కొందరు ఊరికే తిరుగుతున్నారు, అయితే ఏమిటి?’ అని మనం ఎప్పుడంటాం?

మా అమ్మకు ఇప్పుడు డెబ్భై దాటాయి. కిందటేడు ఒక ఉదయం ఆధార్ కార్డు పట్టుకుని ఖమ్మంలో బస్సెక్కి సూర్యాపేట వెళ్ళి, బస్టాండులో టీ తాగి, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ కాసేపు చూసి, తిరుగు బస్సులో వచ్చేసింది. నాన్న పోయాక ఒంటరిగా ఉంటోంది. కండక్టరు జీరో టికెట్టు కొడుతూ, “ఎక్కడికమ్మా, ఒక్కదానివే? చుట్టాలింటికా?” అని అడిగాడట. “అవునయ్యా, మా చెల్లెలింటికి అని చెప్పానే” అంది నాకు ఫోనులో. సూర్యాపేటలో మాకు చుట్టాలెవరూ లేరు. ఇరవై ఏళ్ళ కిందట నాకోసం ఒక అబద్ధం ఆడింది. ఇప్పుడు తనకోసం ఆడింది. పల్లెవెలుగు బస్సు వచ్చింది గాని, నిజం చెప్పే వీలు ఇంకా రాలేదు.

మా మిత్రురాలికి నా జవాబు ఇది. యూరప్ నుంచి నేను మీకోసం తెచ్చినది ఊళ్ళ వర్ణన కాదు, ఒక కొలబద్ద. ఒక ఊళ్ళో స్త్రీలకు హక్కు ఉందో లేదో తెలుసుకోవాలంటే ఎంతమంది పనికి వెళ్తున్నారో మాత్రమే లెక్కపెడితే చాలదు. పని లేకుండా ఎంతమంది ఎంతసేపు, ఏ వేళదాకా బయట ఉండగలుగుతున్నారో చూడాలి. మీరు బస్తీలకు, పల్లెలకు తిరిగి వెళ్ళాక సంఘం సమావేశంలో ఒక పని చేయండి. రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి, శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుంది, ఆడవాళ్ళు కూర్చునే చోటు ఏది, వీధిదీపం వెలగనిది ఎక్కడ – ఈ నాలుగూ స్త్రీలచేతనే రాయించండి. ఆ కాగితంతో డిపో మేనేజరు దగ్గరకూ, మునిసిపల్ కమిషనరు దగ్గరకూ వెళ్దాం. కాపలా పెంచమని అడగవద్దు. బస్సు అడుగుదాం, దీపం అడుగుదాం, బెంచీ అడుగుదాం. ఎందుకని వాళ్ళడిగితే మాత్రం, ఆసుపత్రి పేరూ గుడి పేరూ చెప్పవద్దు. ఊరికే తిరగటానికి అని చెబుదాం.